సరూప తల దూర్చిన పెట్టె

నేను ఒక రేకు పెట్టెను. జనగామలో ఓ చిన్న దుకాణంలో సుత్తి దెబ్బలు తిని పెట్టెనయ్యాను. ఐలయ్య నన్ను కొనుక్కుని భీవండి మగ్గాల పనికి మోసుకెళ్లాడు. తిరిగొస్తూ రైల్లోంచి దింపబోయి పడేశాడు. ఆ సొట్ట ఇప్పటికీ నా మూత మీద ఉంది. తర్వాత ఆ సొట్ట పక్కనే కూతురి పేరు రాయించాడు: కె. సరూప, ఐదో తరగతి. అలా హాస్టల్లో చేరాను.

హాస్టల్లో ఏడవడానికి చోటుండదు. అందుకని పిల్లలు సబ్బు వెతుకుతున్నట్టు మూతెత్తి, పెట్టెలోకి తల దూరుస్తారు. సరూప సబ్బు రోజుకు ఆరుసార్లు పోయేది. మనుషులు సాటి మనుషులకు చెప్పుకోలేనిది రేకుకెందుకు చెబుతారో నాకు తెలియదు.

చేరిన వారానికే, పేలున్నాయని చెప్పి పిల్లలందరి జుట్టూ పొట్టిగా కత్తిరించేశారు. రెండో ఆదివారం ఇంటివాళ్లు చూడ్డానికొచ్చే రోజు. దాంతో సరూపకు బెంగ పట్టుకుంది.

"అమ్మ నన్ను గుర్తువట్టకుంటే?" అంది నా లోపల, గుసగుసగా.

మర్నాటికి బెంగ పెరిగింది. "వార్డెన్ మేడం బిడ్డకు జడలున్నయి. ఆ పిల్లనే నేననుకొని అమ్మ తోల్కపోతది. అది మా ఇంట్ల నా పళ్లెంల తింటది. నేను ఈడనే ముసల్దాన్నయిత."

శనివారానికల్లా సరూప ఊహలో ఆ దొంగపిల్లను చూసి వాళ్లింటి కుక్క కూడా తోక ఊపేసింది. నాకు నవ్వు రాలేదు, జాలేసింది.

ఆదివారం పొద్దున్నే నన్ను వరండాలోకి ఈడ్చి, సొట్ట కనబడేలా ఓ పక్కకు ఒదిగి నా మీద కూర్చుంది. అందరి అమ్మలూ వచ్చారు. మధ్యాహ్నం దాటాక, కొంగు నుదుటిదాకా లాక్కున్న ఒకామె ఒక్కొక్క పిల్ల ముఖంలోకీ చూస్తూ వచ్చి, మమ్మల్ని దాటిపోయింది. సరూప కూడా ఆమెను పోల్చుకోలేదు. నాలుగడుగులు వేసి ఆమె వెనక్కి తిరిగింది. వంగి నా సొట్టను తడిమింది.

"సరూపా?"

కొంగు జారింది. నున్నటి గుండు. బిడ్డ హాస్టల్లో కుదురుకోవాలని మొక్కుకుని తలనీలాలు ఇచ్చిందట.

"నన్ను గుర్తువడ్తవో పట్టవోనని తొవ్వంత భయపడుకుంటనే వచ్చిన బిడ్డా," అంది.

 అమ్మ గుండును సరూప రెండు చేతులతో నిమురుతూ ఉండిపోయింది.

మొక్కు ఫలించింది. ఆ తర్వాత సరూప సబ్బు ఎప్పుడూ పోలేదు. నేను సంతోషించాల్సిందే, సంతోషించాను కూడా. ఇప్పుడు వాళ్లింటి అటక మీద, పాత బొంతలు మోస్తూ ఒంటరిగా ఉన్నాను. ఎవరైనా మూతెత్తితే తల దూరుస్తారేమోనని ఎదురుచూస్తాను. బొంత తీసుకుని మూసేస్తారు.