పెదాలు అలుక్కుపోని టీవీ

మా ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. ఈసారి ఆ కుందేలు పేరు ఎల్సీడీ. పాత డబ్బా టీవీలో మనుషులందరూ పచ్చకామెర్లు వచ్చినట్టు కనిపించడం మొదలైన దగ్గర్నుంచి, కొంటే ఎల్సీడీయే కొనాలని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. అది కరెంటు తక్కువ తాగుతుందట, బరువుండదట, మా హాల్లో పెద్ద కిటికీ వెలుగులో కూడా బొమ్మ వెలవెలబోదట. ప్లాస్మా టీవీ కొంటే అద్దం కొన్నట్టేనట, వార్తల బదులు మా కిటికీనే చూసుకుంటూ కూర్చోవాలట. నాకైతే ఏదైనా ఒకటే. సోమవారం నుంచి మళ్ళీ పనిలోకి వెళ్ళాలి, నా బెంగంతా దాని మీదే ఉంది.

నేను ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరు. పాప పుట్టినప్పుడు పెట్టిన సెలవు అయిపోవచ్చింది. పాప ఇప్పుడిప్పుడే పాకుతోంది, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. పొద్దస్తమానం కిచకిచలాడుతుంటుందని దాన్ని పిచ్చుక అంటాం. నేను వెళ్ళాక పగలంతా దాన్ని చూసుకోవాల్సింది మా అమ్మే. అందుకే అమ్మను మా ఇంటికి తెచ్చుకున్నాం. "నేనుండగా నీకెందుకే దిగులు" అని అమ్మ అన్నప్పుడల్లా నాకు సగం దిగులు తగ్గేది. మిగతా సగం తల్లినయ్యాక ఎలాగూ పోయేది కాదు.

అమ్మ బట్టల మిల్లులో, మగ్గాల షెడ్డులో పనిచేసి రిటైరైంది. ఆ షెడ్డులో అడుగుపెడితే పక్కనున్న మనిషి గొంతు చించుకున్నా వినిపించదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు గొంతు వాడరు, పెదాలు కదిపి మాట్లాడుకుంటారు. అవతలి వరుసలో ఉన్న మనిషి కష్టసుఖాలు కూడా మూతి చూసి చదివేస్తారు. నా చిన్నప్పుడు అమ్మ స్నేహితురాలు ఇంటికొస్తే, ఇద్దరూ చప్పుడు లేకుండా మా నాన్న మీద చాడీలు చెప్పుకునేవాళ్ళు. ఆయన పక్కనే పేపరు చదువుకుంటూ, ఇల్లు ఇవాళ ఎంత ప్రశాంతంగా ఉందో అనుకునేవారు. ఎవరు మాట్లాడినా మూతి వంక చూడటం అమ్మకి అప్పటి అలవాటు. ఇంట్లో అందరికీ తెలిసిన అలవాటే కాబట్టి, దాని గురించి ఎవరమూ ఆలోచించలేదు.

శనివారం సాయంత్రం అందరం టీవీల షాపుకి వెళ్ళాం. ఒక గోడ నిండా టీవీలే. అన్నింట్లోనూ ఒకే అమ్మాయి వార్తలు చదువుతోంది, ఒక్కదాంట్లోనూ మాట లేదు. తెర కింద అక్షరాలు కూడా లేవు. షాపతను ఎల్సీడీ ముందు నిలబడి, "చూడండి సార్, బొమ్మ పాలతో కడిగినట్టు లేదూ" అన్నాడు. మా ఆయన తన పెళ్ళిచూపుల్లో కూడా చూపించనంత శ్రద్ధతో దాన్ని ముందునుంచీ పక్కనుంచీ చూశారు.

అమ్మ ఎక్కడికెళ్ళినా "మీ ఇష్టం" తప్ప ఇంకో మాట అనదు. అలాంటిది ఆ రోజు రెండు టీవీల మధ్య అటూ ఇటూ తిరిగి, ప్లాస్మా ముందు ఆగిపోయింది.

"అది వద్దు బాబూ. ఇది తీసుకుందాం" అంది.

"ఎందుకత్తయ్యా?"

"దాంట్లో పెదాలు అలుక్కుపోతున్నాయి. కాస్త పక్కకి జరిగితే మొహమే తెల్లబడిపోతోంది. ఇందులో ఎటునుంచి చూసినా మనిషి మనిషిలాగే ఉంది."

మా ఆయన కిటికీ సంగతి ఎత్తుకోబోయారు. ఈలోగా అమ్మ తెర వైపు తిరిగి, "హమ్మయ్య, పడవలో వాళ్ళందరినీ ఒడ్డుకు చేర్చారట" అంది. షాపతను అయోమయంగా చూశాడు. మా ఆయన గర్వంగా మిల్లు కథ చెప్పారు. నిజమో కాదో చూద్దామని అతను రిమోటు తీసుకుని ఒక్కసారిగా సౌండు పెంచాడు. పడవ నిజమే, ఒడ్డుకు చేరిన మాటా నిజమే.

ఆ చప్పుడుకి నా భుజం మీద నిద్రపోతున్న పిచ్చుక ఉలిక్కిపడి లేచి గుక్కపట్టింది. అమ్మ మాకు ముందు, చెయ్యి చాపితే అందేంత దూరంలో, వీపు మా వైపు పెట్టి నిలబడి ఉంది. షాపులో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. ఎవరో పెద్దావిడ దూరంనుంచే చిటికెలేసింది. అమ్మ మాత్రం వార్తలు చదివే అమ్మాయి మొహం మీదనుంచి చూపు తిప్పలేదు.

"మగ్గాల మోత విన్న చెవులు. ఇదంతా ఆవిడకి దోమ రొద" అని మా ఆయన నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. సౌండు దోమ రొదే కావచ్చు. పిల్ల ఏడుపు కూడానా? రేపొచ్చి చెప్తామని షాపతనితో అనేసి అందర్నీ బయటికి లాక్కొచ్చాను.

దారి పొడుగునా నా బుర్రలో ఒకటే తిరుగుడు. ఫోను చేతికివ్వబోతే "నా చేతులు తడిగా ఉన్నాయే, నువ్వే మాట్లాడు" అంటుంది. మనం ఇటు తిరిగి ఏమన్నా అడిగితే బదులు చెప్పదు, పరధ్యానం అనుకుంటాం. గుమ్మంలో బెల్లు మోగితే నేను లేచాకే తనూ లేస్తుంది. వయసు మీద పడింది, మోకాళ్ళు సహకరించడం లేదు అనుకున్నాం. ప్రతిదానికీ మా దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉంది. ఆ తడి చేతుల మాట తప్ప ఒక్కటీ అమ్మ చెప్పింది కాదు, మిగతావన్నీ మేం కుట్టి తొడిగినవే.

ఇంటికొచ్చాక అమ్మ తన గదిలో, గుమ్మానికి వీపు పెట్టి, పాప బట్టలు మడతపెడుతోంది. పాపను చంకనెత్తుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"అమ్మా" అన్నాను. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా పిలిచాను. తర్వాత ఏ తల్లీ అనకూడని మాట ఒకటి అన్నాను, పాపను గుండెకి అదుముకుని.

"అమ్మా, పిల్ల పడిపోతోంది."

అమ్మ ఒక చిన్న గౌను మీద ముడతలు అరచేత్తో సాఫు చేసి, మిగతావాటి మీద పెట్టింది.

హాల్లోకి వెళ్ళి మా ఆయనకి చెప్పాను. "మరి సోమవారం?" అన్నారు. ఆ ప్రశ్న అడగడానికి ఆయన అక్కర్లేదు. పొయ్యి మీద పాలు, మెట్లు, నేల మీద పడ్డ గుండీలు, గొంతుకి ఏదన్నా అడ్డం పడితే వచ్చే ఆ చిన్న చప్పుడు, అన్నీ నా కళ్ళముందు వరసకట్టి నిలబడ్డాయి. నాకు భయం వేసింది, భయంతోపాటు అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంత పెద్ద విషయం దాచి, నేనుండగా దిగులెందుకంటుందా?

పాపను ఆయన చేతిలో పెట్టి, అమ్మ ముందుకి వెళ్ళి కూర్చున్నాను. అరవాలనే వెళ్ళాను. కానీ అమ్మ తలెత్తి, అలవాటుగా నా మూతి వంక చూసేసరికి అరుపు మానుకున్నాను. చప్పుడు లేకుండా పెదాలు మాత్రం కదిపాను.

"ఎప్పట్నుంచమ్మా?"

అమ్మ చేతిలో బట్ట అలాగే ఆగిపోయింది. తను కూడా చప్పుడు లేకుండానే బదులిచ్చింది. నేను అమ్మ కూతుర్నే, నాకు అర్థమైంది. మిల్లు మానేసే నాటికే ఒక చెవి పోయిందట. రెండోది ఈ ఏడాది పోయిందట.

"డాక్టరుకి చూపిద్దాం" అన్నాను.

"చూపించుకున్నాను. చెవిలో మిషను పెట్టి చూశారు. గరగర తప్ప మాట రాలేదు" అని ఈసారి పైకే అంది. గొంతు ఉండాల్సినదానికన్నా కొంచెం పెద్దగా ఉంది. అదీ మిల్లు అలవాటే అనుకున్నాం ఇన్నాళ్ళూ. "చెప్తే మీరు పిల్లనివ్వరు."

"అందుకా దాచావు?"

"మరి దేనికి? ఇంట్లో మీరు మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు. ఒకరు వంటింట్లోంచి, ఒకరు స్నానాల గదిలోంచి. వీపులకి పెదాలుండవు కదే. టీవీలో అమ్మాయి ఒక్కతే, నా మొహం చూసి మాట్లాడేది. అదీ అలుక్కుపోతే ఎలా అనిపించింది. ఇన్నేళ్ళలో ఏదీ అడగనిదాన్ని, అందుకే నోరు తెరిచి అడిగాను."

గుమ్మంలోంచి మా ఆయన, "రేపే వెళ్ళి ప్లాస్మా తెచ్చేద్దాం అత్తయ్యా" అన్నారు. అమ్మ నా వైపే చూస్తోంది. ఆయనకి ఒక్క క్షణం తర్వాత వెలిగింది. తప్పు చేసినవాడిలా చుట్టూ తిరిగి అమ్మ ఎదురుగా వచ్చి, పాపను ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుని, ఆ మాటే మళ్ళీ చెప్పారు.

"కిటికీ కనిపిస్తుందన్నారుగా బాబూ" అంది అమ్మ.

"కర్టెన్ వేసుకుందాం."

అమ్మ నవ్వబోయి ఆగిపోయింది. పాప చెయ్యి చాపి అమ్మ వేలు పట్టుకుని, నోట్లో పెట్టుకోబోయింది. అమ్మ వేలు వెనక్కి తీసుకుంది. ఎప్పుడూ అలా తీసుకోదు.

"మొన్న నువ్వు బజారుకెళ్ళావు చూడు" అంది నాతో. "దీన్ని పడుకోబెట్టి వంటింట్లోకి వెళ్ళాను. మధ్యలో రెండుసార్లు వచ్చి చూశాను, నిద్రపోతూనే ఉంది. మూడోసారి వచ్చినప్పుడు కూడా నిద్రపోతూనే ఉంది. కానీ బుగ్గల మీద కన్నీటి చారలు ఎండిపోయి ఉన్నాయి. పక్కంతా తడి. ఏడ్చి ఏడ్చి అలసిపోయి పడుకుందే పిల్ల. ఎంతసేపు ఏడ్చిందో నాకు తెలీదు. అవతలి గదిలోనే ఉన్నాను నేను."

మా ఆయన పాపను ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నారు.

"సోమవారం దాన్ని నా మీద వదిలి వెళ్ళకు" అంది అమ్మ. "నీకు ఎలా చెప్పాలో తెలీక వారం నుంచి చస్తున్నాను. నేనింక దేనికీ పనికిరానే."

ఆ మాటతో మొహం రెండు చేతుల్లో దాచుకుంది. నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఇంకో ఆమెను పనిలో పెట్టుకుందామనీ, మనిషి దొరికేదాకా నా సెలవు పొడిగించుకుంటాననీ, నిన్ను ఎక్కడికీ పంపనమ్మా అనీ గబగబా ఏదేదో చెప్పుకుపోయాను. మా ఆయన నా భుజం తట్టి, అమ్మ వైపు చూపించారు. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. నేనన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా చేరలేదు.

అమ్మ చేతులు పట్టుకుని మెల్లగా కిందికి దించాను. కళ్ళు తెరవలేదు. బలవంతం చెయ్యలేదు, అలాగే పట్టుకుని ఎదురుచూశాను. పాప ఏదో కూసింది, మా ఆయన దాన్ని జోకొట్టారు. చాలాసేపటికి అమ్మ రెప్పలెత్తింది.

"నువ్వు చూస్తూ ఉండమ్మా" అన్నాను. "వినడానికి ఇంకొకర్ని పెట్టుకుందాం."

అమ్మ నా పెదాల వంకే చూస్తోంది. కళ్ళనిండా నీళ్ళు, వాటితో నా మాట అలుక్కుపోయినట్టుంది.

"మళ్ళీ చెప్పు" అంది.

అమ్మ కళ్ళు తుడిచి, మళ్ళీ చెప్పాను.