కుర్చీలో కునుకు

మా ఊరి పంచాయతీ ఆఫీసులో గోడకున్న బోర్డు మీద సర్పంచ్ మధులత అని నా పేరుంటుంది. ఆ బోర్డు కింద కుర్చీలో మా ఆయన గోపీనాథ్ ఉండేవాడు. ఆడవాళ్ల రిజర్వేషన్ వచ్చిందని నన్ను ఎన్నికల్లో నిలబెట్టాడు, గెలవగానే ఇంట్లో కూర్చోబెట్టాడు. సంతకాలు కూడా ఆయనే చేసేవాడు. నా పేరు రాసి కింద ఒక మెలిక తిప్పేవాడు. నాకంటే బాగా రాసేవాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఒక్కరోజైనా ఆ కుర్చీలో నేను కూర్చోవాలని ఎంత ఉండేదో, కూర్చోలేనందుకు కడుపు అంత మండేది.

ఆ కుర్చీలో ఆయన చేసే ముఖ్యమైన పని నిద్రపోవడం. మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు దిట్టంగా లాగించి ఆఫీసుకు పోయేవాడు. కూలర్ వేయించుకుని, కుడిచేతిని కుర్చీ వీపు మీదుగా వెనక్కి వేలాడేసి, మెడ ఒక పక్కకు వాల్చి, నోరు తెరిచి పడుకునేవాడు. మెడ పట్టేస్తుంది, ఇంటికొచ్చి మంచం మీద పడుకోమని ఎన్నోసార్లు చెప్పాను.

“మంచమ్మీద పండుకునేటోన్ని ఎవుడు లెక్కజేస్తాడే? లీడరనేటోడు కుర్చీ ఇడిసిపెట్టగూడదు,” అనేవాడు.

పని మీద వచ్చినవాళ్లకు పంచాయతీ సెక్రటరీ క్రాంతి కుమార్ “సార్ మీటింగులో ఉండారు” అని చెప్పేవాడు. గురక వీధిలోకి వినపడేది. పడమటి వీధి వెంకటేశ్వరమ్మ, తన కొళాయికి నీళ్లు రావడం లేదని చెప్పుకుందామని వచ్చి, అట్లాంటి మీటింగులు చాలానే విని వెళ్లింది.

పోయిన ఎండాకాలంలో ఒకరోజు నిద్ర లేచేసరికి ఆయన కుడి మణికట్టు వేలాడిపోయింది. పైకి లేపుదామంటే లేవదు, వేళ్లు చాపుదామంటే చాచుకోవు. ఆ చేతిని ప్యాంటు జేబులో దాచుకుని ఇంటికొచ్చాడు. మా అత్త నాగలక్ష్మమ్మ లబోదిబోమంది. “గిట్టనోళ్లు ఏదో చేసినార్రా నాయనా,” అంటూ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. నేను పక్షవాతమే అనుకున్నాను. ఎంత కోపమున్నా మొగుడే కదా, నిజంగానే ఏడుపొచ్చింది. ఆయన బాధ మాత్రం వేరు.

“కడప వద్దు. ఆడ మనోళ్లు శానామంది తిరుగుతాంటారు. చూస్తే నా పని అయిపోయిందనుకుంటారు. కర్నూలుకు పోదాం,” అన్నాడు.

కర్నూలు డాక్టరు మొదట అడిగిన మాట, “ఏమప్పా, మందు తాగి పండుకున్యావా?”

“సంగటి తిని, సార్.”

“ఎట్ల పండుకున్యావో చూపించు.”

మా ఆయన డాక్టరు ముందున్న కుర్చీలోనే చేయి వేలాడేసి, మెడ వాల్చి చూపించాడు. అలవాటు కొద్దీ కళ్లు కూడా మూతలు పడ్డాయి. ఏడుస్తున్నదాన్ని నవ్వు ఆపుకోలేకపోయాను.

డాక్టరు ఆయన జబ్బ వెనక వేలితో నొక్కాడు. “ఈడ ఎముకను ఆనుకోని ఒక నరం పోతాంది. మణికట్టును లేపేది అదే. కుర్చీ అంచు దాన్ని నొక్కిపెట్టింది. ఇది పక్షవాతం గాదు. పట్టీ ఏసుకోని, చెప్పిన కసరత్తు చేస్తే కొన్ని వారాలకు సర్దుకుంటాది. ఇంగ కుర్చీలో పండుకోవద్దు. మంచమ్మీద వెల్లకిలా పండుకో. పక్కకు తిరిగినా చేయి కింద ఇరుక్కోకుండా చూసుకో.” నా వైపు తిరిగి, “నువ్వు కాస్త కనిపెట్టుకోనుండమ్మా,” అన్నాడు.

“ఉంటా సార్,” అన్నాను. అంత మంచి మందు ఏ డాక్టరూ మా ఇంటికి రాసివ్వలేదు.

మర్నాడు క్రాంతి కుమార్ కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చాడు. మా ఆయన ఎడమచేత్తో నా పేరు రాయబోతే కోడి గెలికినట్టు వచ్చింది. విసుక్కుంటూ పెన్ను నా ముందు పడేశాడు.

“చేయి బాగయ్యేదాకా నువ్వే పెట్టు.”

“ఇంట్లో పెట్టను. ఆఫీసుకొచ్చి పెడతా,” అన్నాను. అత్త గొణుగుతూనే ఉంది, నేను చెప్పులేసుకున్నాను.

మొదటిరోజు ఆ కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. క్రాంతి కుమార్ సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టి చూపించాడు. ముందు చదువుతానంటే తెల్లమొహం వేశాడు. మధ్యాహ్నం వెంకటేశ్వరమ్మ వచ్చి, అలవాటుగా బయట మెట్ల మీదే కూలబడింది. లోపలికి పిలిచి విషయం అడిగాను. పైపు వాల్వు పూడిపోయింది, అంతే. మనిషిని పంపితే సాయంత్రానికి నీళ్లొచ్చాయి. ఇన్నాళ్లూ ఆ మాట వినడానికి మెలకువగా ఉన్నవాళ్లే లేరు.

మా ఆయన చేయి బాగైంది. ఒకరోజు సంగటి తిని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకొచ్చి నా పక్కన నిలబడ్డాడు.

“లెయ్. ఇంగ నేను చూసుకుంటా.”

“డాక్టరు ఏం చెప్పినాడు? నీకు కుర్చీ పడదు. ఇంట్లో మంచం ఏసి వచ్చినా. పోయి వెల్లకిలా పండుకో.”

ఆయన మొహం ఎర్రబడింది. కుడిచేయి పైకి లేచింది. క్రాంతి కుమార్ లేచి నిలబడ్డాడు. నాకు భయమేసింది, అయినా కుర్చీలోంచి కదల్లేదు.

నాతో మాట్లాడుతూ కూర్చున్న వెంకటేశ్వరమ్మ ఆ చేతి వైపే చూస్తూ, “మణికట్టు బాగా నిలబడతాందే నాయనా. పో, పోయి పండుకో. ఆరోగ్యం కంటే ఎక్కువేముండాది,” అంది.

లేచిన చేత్తో జుట్టు సర్దుకుని, మా ఆయన ఇంటికి పోయాడు.

క్రాంతి కుమార్ కాగితం ముందు పెట్టాడు. చదివి సంతకం చేశాను. ఆయన రాసినంత అందంగా నా పేరు నాకింకా రావడం లేదు. రోజూ రాస్తున్నాను కదా, అదే వస్తుంది.