సవతి కన్ను

హేమంతము ముదిరి వేకువ మంచు కందుకూరి మెట్టపొలములను కప్పియుండగా పొగాకును వేడితో ఆరబెట్టు కొట్లగు బేరనుల గొట్టములనుండి వెడలిన ధూమరేఖలు ఆ మంచుతెరను చీల్చుకొని మీదికి పోజాలక పచ్చియాకు ఘాటుతో నేలమీదనే ప్రాకుచు ఇండ్లవసారాలలో దూరుచుండెను. ఆకు పండబారు ఆ దినములలో మంట ఒకింత హెచ్చినను ఏడాది కష్టము మాడిపోవును గావున ఆ సీమవారు కన్ను మూయుటకైనను జంకుదురు.

అట్టి యొక బేరనుకు యజమానుడగు కోటిలింగమునకు భార్య లిరువురు. పెద్దది పేరిందేవమ్మ. సంతానము లేదు. ముట్టుడిగి ఏండ్లు గడచెను. చిన్నది శింగారమ్మ. బిడ్డలను కని పెంచి అత్తవారిండ్లకు పంపి ఇప్పుడు తానును ఒక నెల ముట్టు తప్పుచు ఒక నెల వచ్చుచు ముట్టుడుగు గడపకడనే నిలిచియుండెను. ఒకే పొయ్యిమీద వండుకొనుచు ఒకరి కూరలో ఒకరు ఉప్పు చాలలేదనుచు ఇంతకాలము నెట్టుకొని వచ్చిరి. అట్టి యింట ఒకనాటి యుదయమున పేరిందేవమ్మ వసారాచివర చాప పఱచుకొని వేఱుగా కూర్చుండెను. ఆమె చీరయంచున రక్తబిందువులు కనబడెను.

“ఏందక్కా, మళ్లీ పెద్దమనిషివయ్యావా ఏంది? చిమ్మిలి దంచమంటావా?” అని శింగారమ్మ నవ్వబోయెను.

“దంచు. బెల్లం కాస్త ఎక్కువెయ్యి. నీకు రానిది నాకొచ్చిందని కుళ్లెందుకే?”

ఆ సాయంకాలము కోటిలింగము బజారునుండి అరటిపండ్లు తెచ్చి చాపకొసన పెట్టి “ఏమే, బాగుండావా?” అని యడిగెను. అంతమాత్రమునకే పెద్దభార్య వదనము పెండ్లినాటి వెలుగు వెలుగుట గడపచాటునుండి చూచిన శింగారమ్మకు ఆ రాత్రి అన్నము సహింపలేదు. పండిన జుట్టుదానికి యౌవనము తిరిగివచ్చుటయు తన యౌవనము తరలిపోవుటయు ఒకే గడియలో జరిగినట్లు ఆమె కడుపులో నిప్పు రాజుకొనెను.

పేరిందేవమ్మ మాటిమాటికి చాప పఱచుచుండెను. ముట్టునకు ఒక వరుస యుండును. దీనికి వరుస లేదు. ఇది కోడినెత్తుటి నాటకము గాబోలునని శంకించి దొంగతనము బట్టబయలు చేయు కాంక్షతో శింగారమ్మ ఒకనాడు స్నానపు తడికసందున కన్ను చేర్చెను. అచట సవతి గుంజను రెండు చేతుల బిగించి పట్టుకొని పైటకొంగు పండ్లనదిమి వణకుచుండెను. మూత్రము సన్నని ధారగా ఆగియాగి వచ్చుచుండెను. ఆ ధారయే ఎఱ్ఱనిది.

శింగారమ్మకు మొదట కలిగినది సంతోషము. ముట్టు కాదు, రోగము! పిమ్మట ఆ సంతోషమును చూచి తానే భయపడెను.

“అది ముట్టు కాదక్కా. ఒంటికి పోయేటప్పుడే పడతంది. నేను చూశా.”

“సిగ్గు లేదటే నీకు, తడికల్లో తొంగిచూసేదానికి?”

“లేదు. ఒంగోలు పోదాం పద.”

“పోతే ఆయనకి తెలుస్తది. జబ్బుదాన్నని మళ్లీ మొహం తిప్పుకుంటాడు. చస్తే చస్తా గానీ రాను.”

“నాకే ముట్టాగిపోయిందని మావకు చెప్తా. నువ్వు నాకు తోడొచ్చినట్టు రా.”

పేరిందేవమ్మ తలయెత్తి “నీకేంటే లాభం?” అనెను.

“నువ్వు పోతే నేనెవర్ని చూసి ఏడవాలి?”

ఒంగోలున హైమవతి యను వైద్యురాలు పేరిందేవమ్మను పరీక్షించి చేతులు కడుగుకొనుచు ఇట్లు పలికెను. “ఇది గర్భసంచి రక్తం కాదమ్మా. మూత్రం వచ్చే దారి చివర చిన్న కండ పెరిగింది. ఈ వయసులో అక్కడ ఎర్రటి కండ రావడం మామూలే, దానికి భయపడక్కర్లేదు. మీది నల్లగా ఉంది. కంటితో చూసి మామూలే అనలేను. ముక్క తీసి పంపుతా.”

ఆ ముక్క మెలనోమా యని తేలెను. పుట్టుమచ్చలకు పట్టు ఆ క్యాన్సరు ఎండ సోకని ఆ చోటను స్త్రీలకు బహు అరుదుగా పుట్టునట. స్కానింగున అది అన్యాంగములకు ప్రాకినట్లు కానరాలేదు. మూత్రమార్గపు ముందుభాగమును చుట్టుపట్ల కండతో కోసి తీసి గజ్జలలోని గ్రంథులను పరీక్షింపవలెననియు అవసరమైనచో శరీరపు రోగనిరోధకశక్తిని మేల్కొలుపు సూదిమందు పిమ్మట నీయవలెననియు వైద్యురాలు చెప్పి “మళ్లీ రాదని మాటివ్వలేను, మానకుండా చూపించుకుంటూ ఉండాలి. ఇంకా దాచి ఉంటే ఈ మాత్రం ధైర్యం కూడా చెప్పలేకపోయేదాన్ని” అనెను.

ఇక మగనికి చెప్పక తప్పినది కాదు. అతడు మొగము త్రిప్పుకొనలేదు, పట్టణమందలి పెద్దాసుపత్రికి తానే తోడ్కొనిపోయెను. కోత ముగిసెను. గ్రంథులకు రోగము సోకలేదని తెలిసెను. గదిలో ఒక్కరే యుండవలెనని నర్సు చెప్పగా కోటిలింగము కుర్చీ జరుపుకొనెను. పేరిందేవమ్మ మంచముమీదనుండి వ్రేలితో చిన్నదానిని చూపెను.

“అదుంటది. నువ్వు బయట కూచో.”

కోతనాడు పెట్టిన మూత్రపుగొట్టము తీసిన యుదయమున కోటిలింగము మూసిన తలుపునకు చెవి యొగ్గి నిలిచియుండెను.

“ఇంకెన్ని నీళ్లు తాపిస్తావే, చెరువనుకున్నావా నన్ను?”

“తాగక్కా. డాక్టరమ్మ తాగమంది. ఆ, ఇట్టా నన్ను పట్టుకో.”

పిమ్మట సన్నగా నీటిచప్పుడు వినబడెను.

“తెల్లగా ఉందక్కా! మంచినీళ్లలాగుంది!”

ఇరువురును ఒక్కుమ్మడిగా నవ్విరి. ఆ నవ్వులో ఏడుపును కలదు. “ఏందే, ఏందది?” అని కోటిలింగము తలుపు తట్టెను. “నీకెందుకు మావా, ఆడోళ్ల సంగతి!” అని రెండు గొంతు లొక్కటియై బదులు పలికెను. ఎవనికొఱకు ఆ యిద్దఱును అన్నేండ్లు ఒకరినొకరు కాల్చుకొనిరో ఆ పురుషుడు తన యింటి రహస్యమునకు తానే వెలివాడై ఆ నవ్వులను వినుచు తన యెదలో మొట్టమొదటిసారిగా రాజుకొనుచున్న యసూయను ఏమని పిలువవలెనో యెఱుగక ఆ నడవయందు నిలిచియుండెను.