కుడి అంచు

ప్రశాంతి ఫోన్ పెట్టేశాక తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. బెంగళూరు ల్యాబులో నా తోటి పరిశోధకురాలు ఆమె. "ఆర్షియా, నీ చిప్పు కుడి అంచున సీసం అంటుకొని ఉంది. తుడిచేసి మళ్లీ కొలిస్తే నీకు కనిపించిన సంకేతం మాయం. ఆ సీసం ఎక్కడిది?" అని అడిగింది. నాకేం తెలుసు!

నా థీసిస్ మొత్తం ఆ చిప్పు మీదే ఉంది. దాని మీద రెండు మూడు పరమాణువుల మందమే ఉన్న పొర. బాగా చల్లబరిస్తే అందులో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. అప్పుడు దాని అంచుల్లో ఒక వింత ఉత్తేజం పుట్టాలని లెక్కలు చెబుతాయి. పొర రెండువైపులా ఒకటే కాబట్టి కుడి అంచున పుడితే ఎడమ అంచునా పుట్టాలి. నాకు మాత్రం కుడివైపే కనిపించింది. సౌష్ఠవం దానంతటదే విరిగిందని, ఎవరూ చూడనిది చూశానని గాల్లో తేలిపోయాను. గైడు పేపరు కూడా పంపేశారు. ఇప్పుడేమో సీసమట, సీసం!

కొలతలకు ముందు ఆ చిప్పు ల్యాబు దాటి వచ్చింది ఒక్కచోటికే. రంజాన్ ప్రొద్దుటూరులో చేసుకొని, ఎర్రగుంట్లలో రైలెక్కి కొలతల కోసం చెన్నై ల్యాబుకు పోదామని డబ్బాతో సహా ఇంటికే తెచ్చుకున్నాను.

ఇప్పుడూ సెలవుకు ఇంట్లోనే ఉన్నాను కాబట్టి నేరుగా అమ్మ గదిలోకి వెళ్లాను. అమ్మ మెహబూబున్నీసా అద్దం ముందు కూర్చొని కంటికి సుర్మా పెట్టుకుంటోంది. ఆ రాతిపొడిలో సీసం ఉంటుందని అప్పుడు గుర్తొచ్చింది.

"అమ్మీ, రంజానప్పుడు నా డబ్బా తెరిచినావా?"

"తెరిస్తే ఏమాయ? చూసి, పుల్లతో ఓ చుక్క పెట్టి మళ్లా మూసేసినా. కనపడకుండా అంచునే పెట్టినాలే."

"చుక్కా? ఎందుకు?"

"ఏందే అట్ల అరుస్తాండావు? నజర్ తగలకూడదని. చంటిబిడ్డకు బుగ్గన పెట్టమా?"

నాకు ఒళ్లు మండిపోయింది.

"నా చదువంతా మట్టిపాలు చేసినావు కదమ్మీ! పేపరు వాపసు తీసుకోవాల. గైడుకు మొగం ఎట్ల చూపిచ్చేది? మూసిన డబ్బాకు నజరేంది? ఈడ దాన్నెవరు చూస్తారు? ఎవరి కండ్లు పడతాయి?"

అమ్మ రెండో కంటికి పెట్టుకోకుండానే సుర్మా పుల్లను పక్కన పెట్టేసింది.

"నావే," అంది. "నా బిడ్డ చేసిందని శానాసేపు చూసినా. శానా మురిసిపోయినా. అందుకే బయమేసింది."