సూది పడిన చెంప

తడి చెత్త ఒక బుట్టలోకి, పొడి చెత్త ఒక బుట్టలోకి వేరు చేస్తూ పెరటి గుమ్మం దగ్గర వంగి ఉన్నాను. మా అత్తగారు నారాయణమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని నా ముఖం వైపు చూసి, "ఏటే కుసుమా, ఆ మొకం మీద మసి కడుక్కోవా?" అన్నారు. "మసి కాదత్తయ్యా, మంగు" అన్నాను. "మంగో మసో. సూసినోళ్లకి రెండూ ఒకటే గదేటి" అన్నారావిడ. మరోసారి చూడకుండానే గ్లాసు నా చేతికిచ్చారు.

ఆ మాట కొత్తది కాదు. రెండో కాన్పుతో నా రెండు బుగ్గల మీదా గోధుమ రంగు మచ్చ పరుచుకుంది. బిడ్డ పెద్దదై హాస్టల్లో చదువుకుంటోంది. మచ్చ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. మా ఆయన దేవీప్రసాద్ స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తారు. ఉక్కునగరంలో మా క్వార్టరు వంటగదికి కూడా షిఫ్టులున్నాయి. ఆయన ఎ షిఫ్టుకు వెళితే తెల్లవారకముందే, బి షిఫ్టు నుంచి రాత్రి వస్తే అందరూ తిన్నాక మళ్లీ, పొయ్యి వెలుగుతుంది. మచ్చకు కారణాల్లో వేడి కూడా ఒకటని నాకు తెలుసు. తెలియడం వల్ల పొయ్యి ఆరదు.

చెత్త వేరు చేసేటప్పుడల్లా నాకు ఎమ్మెస్సీ రోజుల్లో విన్న ఒక పాఠం గుర్తుకొస్తుంది. గొర్రె రక్తకణాల్లో శాస్త్రవేత్తలు కొన్ని అతి చిన్న బుడగలను చూశారట. కణం తనకు అక్కరలేనిదాన్ని మూటగట్టి బయట పారేస్తోందని చాలాకాలం అనుకున్నారు. వాటికి ఎక్సోసోములని పేరు పెట్టారు. తర్వాత ఎప్పటికో తెలిసింది, అవి చెత్త మాత్రమే కావని; ఒక కణం మరో కణానికి పంపే కబురు కూడా వాటిలో ఉంటుందని. చెత్తబుట్టలో ఇన్నాళ్లూ మాటలున్నాయని తెలిసినట్టు ఆ రోజు నాకు ఒళ్లు జలదరించింది. ఆ బుడగల మీదే పరిశోధన చేయాలనుకున్నాను. పెళ్లయింది.

ఇప్పుడు గోపాలపట్నంలో ఒక స్కిన్ క్లినిక్‌లో పని చేస్తున్నాను. కౌన్సిలర్ అని నా బల్ల మీద రాసి ఉంటుంది. వచ్చినవాళ్లకు చికిత్సలు వివరించడం నా పని. డాక్టరమ్మకు టీ పెట్టడం, ఏడ్చే పిల్లల్ని ఎత్తుకోవడం, ఎసి రిపేరుకు మనిషిని పిలవడం ఎక్కడా రాసి లేవు కాని అవీ నా పనులే. విచిత్రమేమిటంటే నేను వదిలేసిన ఎక్సోసోములే ఇక్కడ చిన్న గాజుసీసాలో పొడి రూపంలో నా ముందుకు వచ్చాయి. రోజూ అదే పాఠం చెబుతాను. "ఇవి వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే బుడగలమ్మా. ప్రయోగశాలలో పెంచిన కణాల నుంచి తీస్తారు. మా దగ్గరున్నవి గులాబీ కణాలవి. ముందు సన్నటి సూదులతో చర్మం మీద కంటికి కనిపించని దారులు చేసి, పైన వీటిని పూస్తాం. లోపలి కణాలకు ఇవి కబురు మోసుకెళతాయి. వాపు తగ్గించుకో, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ కొత్తగా తయారుచేసుకో, రంగు కాస్త అదుపులో పెట్టుకో అని. చర్మం తన్ను తానే బాగుచేసుకుంటుంది."

ఒకరోజు భ్రమరాంబ అనే ఆవిడ ఇదంతా శ్రద్ధగా విని, నా బుగ్గల వైపు వేలు చూపించింది. "అన్నీ బానే సెప్తన్నావు తల్లీ. మరి నువ్వేటి పూసుకోనేదు?"

లోపలి గదిలో ఉన్న డాక్టర్ రోజలిన్‌కు ఆ ప్రశ్న వినిపించింది. సాయంత్రం నన్ను పిలిచి, "కుసుమా, నీకు చేద్దాం. కానీ ఒక పక్కే. రెండోది అలాగే ఉంచితే తేడా అందరికీ తెలుస్తుంది. నచ్చితే ఆ తర్వాత రెండోది కూడా పూర్తి చేసి, నీ ఫొటో బ్యానర్ మీద వేద్దాం" అన్నారు. ఆవిడ మంచి మనిషి. కించపరచాలని అనలేదు. నా ముఖం కూడా నా ఉద్యోగంలో భాగమని మాత్రం ఆ రోజే తెలిసింది. సరేనన్నాను. ఎందుకన్నానో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆవిడ అడిగినందుకా, భ్రమరాంబ చూపిన వేలికా, లేక చాలా కాలంగా నాలో ఉన్న కోరికకు ఎవరో ఒకరు అనుమతి ఇచ్చినందుకా?

ఇంట్లో భోజనాల దగ్గర చెప్పాను. అత్తగారికీ ఆయనకూ ఎదురుగా నిలబడి పప్పు వడ్డిస్తూ, "కుడి చెంపకు చేస్తారట" అన్నాను. ఆయన తలెత్తకుండా, "ఊరికే సేత్తానంటే సేయించీ. మనకేటి పోయింది" అన్నారు.

మొదటిసారి చేసిన రోజు చెంప కందిపోయి మండింది. రెండు రోజులు పొయ్యి సెగ తగలకూడదని డాక్టరమ్మ చెప్పిన సంగతి ఇంట్లో చెప్పాను. ఆయన కాసేపు నిజంగానే ఆలోచించారు. తర్వాత, "ఒక్క పక్కేగా. ఆ పక్క సెగకి సూపించకు. ఇటు తిరిగి వండు" అన్నారు. అందులో కోపం లేదు, హేళన లేదు. ఒక చిక్కు విప్పిన తృప్తి ఉంది. నేను ఎడమ చెంపను మంటకిచ్చి, కుడి చెంపను గోడకు దాచి, మెడ తిప్పుకుని రెండు రోజులు వంట చేశాను. పోపు ఒకసారి మాడింది. నవ్వు కూడా వచ్చింది.

అలా కొన్ని నెలల్లో మరికొన్నిసార్లు చేశారు. ఆ రోజుల్లో నేను అద్దంలో ఒకే ముఖాన్ని చూడలేదు. ఒక పక్క చికిత్స, ఒక పక్క నేను అనుకునేదాన్ని. కొన్నాళ్లకు, ఒక పక్క నేను, ఒక పక్క నిర్లక్ష్యం అనుకోవడం మొదలుపెట్టాను. ఏది ఎప్పుడు మారిందో గమనించలేదు.

మా ఆడపడుచు పుష్ప తన కూతురి నిశ్చితార్థానికి పిలవడానికి వచ్చిన రోజు ఒక సంగతి జరిగింది. నేను టీ పళ్లెంతో వచ్చాను. పుష్ప లేచి నా గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురుకు తిప్పింది.

"వదినా, ఏటిది! మొకం ఎలిగిపోతంది! అమ్మా, ఈ పక్క సూడే, వెన్నలాగుంది" అంటూ తన వేళ్లతో చెంప నిమిరింది.

"నాను మొదటిపాలే కనిపెట్టేను. నానే సేయించుకోమన్నాను" అన్నారు ఆయన.

అత్తగారు కళ్లజోడు సర్దుకుని చూశారు. "నిజమేనే. మసంతా ఇరిగిపోయింది. ఆ రెండో పక్కే, పెనం మాడినట్టుంది. అదీ సేయించేసుకో. పెళ్లోరి ముందర రెండు రంగుల మొకంతో ఏటి నిలబడతావు?"

పుష్ప పకపకా నవ్వింది. ఆయనా నవ్వారు. పుష్ప వేళ్లు ఇంకా నా చెంప మీదే ఉన్నాయి. ఎడమ చెంప మీద. సూది పడని చెంప మీద. అత్తగారు పెనంతో పోల్చింది, నెలల తరబడి సూదులు గుచ్చించుకున్న కుడి చెంపను.

నాకు మెల్లగా అర్థమైంది. వాళ్ల ఎదురుగా నిలబడి కుడి చెంప అని చెప్పాను. వాళ్లు తమ కుడిచేతి వైపు చూసుకున్నారు. అక్కడున్నది నా ఎడమ చెంప. ఆ రోజు నుంచి దాన్నే చూస్తూ వచ్చారు, దానిలోనే మెరుగు కనిపెట్టారు. పుష్పకూ ఆ పక్కేనని చెప్పి ఉంటారు. ఎవరూ అబద్ధమాడలేదు. ముగ్గురికీ నిజంగానే కనిపించింది.

"టీ సల్లారిపోతంది, ఇయ్యే" అన్నారు అత్తగారు. ఇచ్చాను.

ఆ మధ్యాహ్నం స్నానాల గదిలో అద్దం ముందు నిలబడ్డాను. ఎడమ చెంపను చూశాను. కాసేపటికి అది నిజంగానే నున్నగా, తేటగా కనిపించసాగింది. భయం వేసింది. వాళ్ల పొరపాటు దిద్దకుండానే వచ్చేశాను. దిద్దితే ఏమయ్యేది? వాళ్లు వెంటనే కుడి చెంపలో వెలుగు చూసేవాళ్లు. అంతే సులువుగా, అంతే నమ్మకంగా. ఇన్నేళ్లూ మసి, మంగు, మాడిన పెనం అని వాళ్లు నా ముఖంలో చూసింది కూడా ఇలాంటిదేనా? అయితే నేను అద్దంలో చూసుకున్నది ఏమిటి? కణం తనకు అందిన బుడగను ఎవరు పంపారని అడగదు. విప్పుతుంది, చెప్పినట్టు చేస్తుంది. కణానికి అడిగే నోరు లేదు. నాకుంది. నేనూ అడగలేదు. మా పెళ్లిలో ఫొటో తీస్తుండగా ఆయన, "కాస్త ఇటు తిరుగు, ఎత్తుగా కనిపిత్తన్నావు" అని గొణిగారు. తిరిగాను, భుజాలు వంచాను. ఆ వంపు ఇప్పటికీ నా వీపులో ఉంది. దాన్ని నాదే అనుకుంటున్నాను.

మర్నాడు క్లినిక్‌లో డాక్టరమ్మ మొదటి రోజు ఫొటో, ఇప్పటి ఫొటో పక్కపక్కన పెట్టి చూపించారు. ఒకే వెలుతురు, ఒకే దూరం. కుడి చెంప మీద మచ్చ కొంత పలచబడింది. చర్మం కూడా కాస్త బిగువుగా ఉంది. ఎడమ చెంప ఎలా ఉన్నదో అలాగే ఉంది.

"ఇది ఎక్సోసోముల వల్లేనా మేడమ్?"

"కొంత కావచ్చు. సూదుల వల్ల కొంత కావచ్చు. విడదీసి గట్టిగా చెప్పేంత పెద్ద పరిశోధనలు ఇంకా రాలేదు కుసుమా. మంగు మళ్లీ తిరిగి రావచ్చు కూడా."

"వచ్చినవాళ్లకు ఇలాగే చెప్పమంటారా?"

ఆవిడ నవ్వారు. "అడిగితే చెప్పు." తర్వాత నా ముఖంలోకి చూసి నవ్వు ఆపి, "సరే, అడక్కపోయినా చెప్పు" అన్నారు.

ఆ ఫొటో చూసినప్పుడు నాకు సంతోషం కలిగింది. దాచడం దేనికి? నా చర్మం బాగుపడటం నాకు ఇష్టమే. కాని ఆ ఇష్టాన్ని పట్టుకుని కాస్త వెనక్కి నడిస్తే అక్కడ అత్తగారి మాట ఉంది, భ్రమరాంబ వేలు ఉంది, పెళ్లినాటి గొణుగుడు ఉంది. వాటినన్నిటినీ తీసేస్తే అడుగున నా ఇష్టం అనేది మిగులుతుందా? మిగిలితే అది ఎలా ఉంటుంది? ఒక మనిషి తనకేం కావాలో తెలుసుకోవడానికి ఇంత దూరం నడవాలా?

"ఎడమ పక్క కూడా చేసేద్దామా? మీ ఇంట్లో ఫంక్షన్ ఉందన్నావుగా, ఆ లోపు ఒకసారైనా పడుతుంది" అన్నారు డాక్టరమ్మ.

ఇంట్లో వాళ్లు చేయించుకోమంటున్నది ఇప్పటికే చేసిన చెంపకు. ఇక్కడ అడుగుతున్నది, వాళ్లు వెన్న అన్న చెంపకు. ఎవరి మాట వింటే ఎవరికి ఏం కనిపిస్తుందో ఆలోచిస్తే తల తిరిగింది. ఇంత గందరగోళంలోనూ ఒకటి మాత్రం గమనించాను. ఈ లెక్కలో నేనెక్కడా లేను.

"ఇప్పుడు వద్దు మేడమ్."

"నచ్చలేదా?"

"నచ్చింది. ఎవరికి నచ్చిందో తెలియడం లేదు. తెలిశాక నేనే వచ్చి అడుగుతాను. వద్దనుకున్నా చెబుతాను. అంతవరకు బ్యానర్ మీద నా ఫొటో వేయకండి."

ఆవిడ రెండు ఫొటోలనూ కవరులో పెట్టి నాకే ఇచ్చారు.

నిశ్చితార్థం రోజు హాల్లో స్టేజీ మీద పెళ్లివారి పక్కన మమ్మల్ని నిలబెట్టారు. ఫొటోగ్రాఫరు లైటు సర్దుకుంటున్నాడు. ఆయన నా చెవి దగ్గర వంగి, "రెండో పక్క సేయించుకోమంటే ఇన్నావు కావు. సర్లే, ఇటు తిరుగు. బాగున్న పక్క పడాల" అన్నారు.

నేను తిరగలేదు. భుజాలు నిటారుగా పెట్టుకున్నాను. ఆయనకంటే అంగుళం ఎత్తు ఉంటానన్నది నేనూ మరచిపోయిన సంగతి.

"బాగున్న పక్క ఏది?" అని అడిగాను.

"అదేటి పెశ్న? ఇదే గదా" అంటూ ఆయన వేలు చటుక్కున నా ఎడమ చెంప మీదికి లేచింది. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆయన కళ్లలోకి చూస్తూ ఊరుకున్నాను. వేలు తడబడింది. మెల్లగా కుడి చెంప వైపు జరిగింది. మళ్లీ వెనక్కి వచ్చింది. నా ముక్కుకు సూటిగా, గాలిలో ఆగిపోయింది.

"సార్, మేడమ్, ఇటు సూడండి" అంటున్నాడు ఫొటోగ్రాఫరు.

ఆయన చూడలేదు. మొదటిసారిగా నా ముఖమంతా వెతుకుతున్నారు. నేను తొందరపెట్టలేదు.