రాజం కట్టిన గద్దె

మా అన్న రాజం తాపీ మేస్త్రీ. ఊళ్లో సగం గోడలు ఆయన చేతివే అని నేనంటే గొప్పలు పోతోంది అనుకుంటారు గానీ, ఆ గోడలు నిలబడి ఉన్నన్నాళ్లు ఎవరూ కాదనలేదు. ఇప్పుడు గోడలూ లేవు, అన్నా లేడు. అందుకని ఎవరేమన్నా నేను ఒప్పుకోవాలా? ఒప్పుకోను.

మాది చెన్నూరు పోయే రోడ్డు మీద చిన్న ఊరు. మున్సిపాలిటీ బోర్డు పెట్టాక అందరూ పట్నం అంటున్నారు. నా చిన్నప్పుడు మా బజారులో రెండు ఎడ్లబండ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. రెండు పక్కలా గూనపెంకుల ఇళ్లు, చెక్క పలకల తలుపుల దుకాణాలు, ఈ కొసన పిండి గిర్నీ, ఆ కొసన టూరింగ్ టాకీసు. అన్న ఏ ఇల్లు కట్టినా ముందు గోడ మీద సున్నంతో రెండు చిలకలు చేసేవాడు. అందులో ఒకదాని ముక్కు ఎప్పుడూ వంకరే. అడిగితే "గది నా సంతకం" అనేవాడు. ఏం సంతకం! ఆ ముక్కు ఆయనకు ఎన్నడూ కుదిరింది లేదు, అంతే.

మా అవ్వ, మమ్మల్ని కన్నతల్లి, వానాకాలంలో పోయింది. మా దిక్కు పాడెను గోదావరి ఒడ్డుకు మోసుకుపోతూ దారిలో ఒక చోట దించుతారు. దాన్ని దింపుడుకల్లం అంటారు. అక్కడ అయినవాళ్లు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే లేచి కూర్చుంటారని ఆశ. మూడో పిలుపుకు కూడా పలకకపోతే ఇక ఎత్తుకుపోవడమే. అవ్వను దించిన చోట ఒకటే బురద. మీద కప్పిన కొత్త చీర అంచు ఆ బురదలో నానిపోయింది. అన్నకు అప్పుడు ఇరవై రెండేళ్లు. ఏడవకుండా ఆ అంచునే చూస్తూ నిలబడ్డాడు. దినాలైన వారానికి, గిర్నీ ముందర అదే చోట మోకాలెత్తు గద్దె కట్టి, పైన నున్నటి షాబాదు బండ పరిచాడు. కట్టమని ఎవరూ చెప్పలేదు, కడతానని ఆయనా ఎవరినీ అడగలేదు.

ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా ఊళ్లో పోయినవాళ్లందరూ ఆ బండ మీదే ఆగారు. మా బాపు ఆగాడు, నా పెనిమిటి ఆగాడు, వదిన ఆగింది. మామూలు రోజుల్లో భయానికి దాని మీద ఎవరూ కూర్చునేవారు కాదు. అన్న ఒక్కడే పని నుంచి వస్తూ కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. "అరిష్టం, లే ఆడికెల్లి" అని నేను తిడితే, "నా గద్దె నాకేం అరిష్టమే" అని నవ్వేవాడు.

ఆరేళ్ల కింద రోడ్డు వెడల్పు మొదలైంది. ఇళ్ల మీద ఎర్రరంగుతో గీతలు గీసిపోయారు. కొందరికి గడప దాకా పోయింది, కొందరికి దేవుని అర్ర దాకా. మిషన్లు వచ్చిన రోజు అన్న తలకు తువ్వాల చుట్టుకుని పొద్దున్నే బయలుదేరాడు. ఏడుస్తాడేమోనని వెనకాలే పోయాను. ఏడిస్తే కదా! ఒక్కో ఇంటి ముందు నిలబడి, మిషన్ ఎన్ని దెబ్బలు వేస్తే గోడ పడుతుందో లెక్కపెడుతున్నాడు.

"మల్లీ, శ్రీహరోల్ల ఇల్లు సూసినవా? తొమ్మిది దెబ్బలు తిన్నదే! పక్కది రెండింటికే కూలింది. అది నేను కట్టలే."

"సంబురమా నీకు? జర సిగ్గుండాలె," అన్నాను.

"మరేం జెయ్యమంటవే?" అన్నాడు. చిలకలు రాలిపడ్డాక వంకర ముక్కుదాన్ని ఏరుకుని జేబులో వేసుకున్నాడు. అదిప్పుడు నా ఇంట్లో దేవుని గూట్లో ఉంది.

గద్దెను పడగొట్టిన రోజు మాత్రం ఇంట్లోంచి కదల్లేదు. నేనే పోయి చూసి వచ్చాను. "ఎన్ని?" అని అడిగాడు. "పద్నాలుగు" అన్నాను. నిజానికి నాకు కళ్లు మసకలు కమ్మి లెక్క తప్పింది.

రోడ్డు నాలుగు వరసలైంది, నడుమ డివైడర్ వచ్చింది. గిర్నీ ఉన్న చోట సిగ్నల్ కంబం పాతారు. శ్రీహరి తన ఇంటి జాగాలో మూడంతస్తుల బట్టల షాపు కట్టాడు, అంతా అద్దాలే. అన్న ఆ అద్దాల్లో తనను తాను చూసుకుని, "గీ ముసలోడెవడే?" అని నన్ను నవ్వించేవాడు.

మొన్న దసరా తర్వాత ఆయాసం ఎక్కువైంది. ఒక పూట నన్ను సిగ్నల్ దగ్గరకు తీసుకుపోయాడు.

"గీ కంబం నుంచి రోడ్డు లోపలికి నాలుగడుగులు. గద్దె గాడ ఉండె. నన్ను గాడనే దించుండ్రి. పక్కకు దించితె నాకు తెలుస్తది."

"తెలిస్తె ఏం జేస్తవ్?"

"లేసి అస్త. నీతోని కొట్లాడత."

నవ్వుతూనే మాటిచ్చాను. మాఘమాసంలో ఆయన పోయాడు.

అన్నకు ఒక్కతే కూతురు, ప్రవళిక. కరీంనగర్‌లో నర్సు. పాడె మోసే భుజాలు ఇప్పుడు ఎక్కడున్నాయి? మున్సిపాలిటీ బండిని పిలిపించింది. నేను నాలుగడుగుల సంగతి చెప్పగానే డ్రైవర్ హనుమండ్లు చేతులు జోడించాడు.

"అమ్మా, అది మెయిన్ రోడ్డు. నడిమిట్ల బండి ఆపితె నా నౌకరి పోతది."

"అత్తా, ఊరు దాటినంక ఖాళీ జాగ ఉన్నది. అందరు గాడనే దించుతున్నరు. పరేషాన్ చెయ్యకు," అంది ప్రవళిక. ఏడ్చి ఏడ్చి దాని మొహం వాచి ఉంది.

"అందర్ని దించుకోనీ. గద్దె కట్టింది అందరు కాదు, మీ బాపు," అన్నాను. పిల్ల మీద ఎందుకు అరిచానో నాకే తెలియదు.

బండి మెల్లగా పోతుంటే మేం వెనక నడిచాం. షాపు దగ్గరకు రాగానే శ్రీహరి మెట్లు దిగి ఎదురొచ్చాడు.

"అక్కా, మా షాపు ముంగట దించుండ్రి. బండ్లన్ని తీపిచ్చిన. మా ఇల్లు కట్టిన చెయ్యి గది."

నీడ ఉంది, కింద నేల శుభ్రంగా ఉంది. నా మనసు కాస్త మెత్తబడింది కూడా. కానీ కంబం అక్కడికి ఇరవై అడుగుల దూరం.

"నీ కడుపు సల్లగుండ తమ్మీ. పక్కకు దించితె అన్నకు తెలుస్తది," అన్నాను.

బండి కదిలింది. ఇక మాట తప్పినట్టే అనుకుంటూ కంబం వంక చూశాను. అప్పుడే ఎర్ర లైటు పడింది. బండి దానంతట అదే ఆగింది. పైన తొంభై అంకె కనిపించింది, ఎనభై తొమ్మిది అయింది.

"దించుండ్రి!" అని కేక పెట్టాను. ఎవరూ కదల్లేదు. ముందుగా ప్రవళికే బండి వెనక తలుపు లాగింది. దాన్ని చూసి మగవాళ్లు పాడెకు చేతులేశారు. నేను కంబం నుంచి నాలుగడుగులు వేసి నిలబడ్డాను. నా కాళ్ల దగ్గరే అన్నను దించారు. మోకాళ్ల మీద కూర్చుంటే డాంబరు చురుక్కుమంది.

"అన్నా," అని పిలిచాను. మొహం ఎంత చిన్నదైపోయిందో!

"రాజన్నా," అని రెండోసారి పిలిచాను. ముప్పై, ఇరవై అని ఎవరో వెనక నుంచి చెబుతున్నారు. ఊపిరి తీసుకుని మూడోసారి నోరు తెరిచాను. పచ్చ లైటు పడింది. లారీలు, బస్సులు, మోటారు సైకిళ్లు, అన్నీ ఒక్కసారే హారన్లు కొట్టాయి. నా గొంతు నాకే వినబడలేదు. అసలు పిలిచానో లేదో తెలియదు. "లే అత్తా, లే" అని ప్రవళిక రెక్క పట్టి లేపేసరికి పాడె బండిలో ఉంది.

దినాలు గడిచి నెల దాటినా నాకు కంటి మీద కునుకు లేదు. ప్రవళిక చూసి చూసి, ఒక ఆదివారం వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"పా అత్తా. గా మూడోది ఇప్పుడన్న పిలువు. బాపు మనసు నిమ్మలమైతది, నీది గూడ."

ఇద్దరం పోయి కంబం దగ్గర నిలబడ్డాం. ఎర్ర లైటు పడింది. బండ్లన్నీ ఆగాయి. నాలుగడుగుల అవతల ఆ జాగా ఖాళీగా ఉంది. ప్రవళిక నా చేతిని నొక్కింది. నోరు తెరిచాను.

మూడోసారి పిలిస్తే ఇక ఎత్తుకుపోవడమే కదా. గిర్నీ పోయింది, చిలకలు పోయాయి, గద్దె పోయింది. ఆయన్ని కూడా నా నోటితో నేనే పంపించాలా?

పచ్చ లైటు పడింది. బండ్లు కదిలాయి.

"ఏమాయె అత్తా? పిలువలేదేం?"

"రెండుసార్లు పిలిచిన గద బిడ్డా," అన్నాను. "ఇంకొకటి ఉండనీ."