నల్లమాడ గ్రహం

ఆ రోజు చేయాల్సిన పనులు ఇవి. షాపు తెరిచి దుమ్ము తుడవాలి. కరెంటు పోకముందే అభిలాష్ ప్రాజెక్టు టైపు చేయడం ముగించాలి. అచ్చుతప్పులు దిద్దాలి. తెర మీద అతనికి చూపించి సరేననిపించుకోవాలి. ఫైలును పీడీఎఫ్‌గా మార్చాలి. ఆ తర్వాతే పెన్‌డ్రైవ్‌లో వేయాలి.

పీడీఎఫ్ ఒక్కటి తప్ప అన్నీ చేశాను.

ఇది 2008 నాటి మాట. అనంతపురంలో యూనివర్సిటీ గేటుకు ఎదురుగా ఆంజనేయులన్న టైపింగ్ షాపులో పనిచేసేదాన్ని. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసింది మొదట మా అన్న జోయల్, అతని వెనక నేను. అప్పట్లో తెలుగు టైపు చేసే ఫాంటు షాపుల కంప్యూటర్లలోనే ఉండేది. అది లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు కలగాపులగంగా కనబడేవి. పీడీఎఫ్ చేస్తే అక్షరాలు ఫైలుతోపాటే వెళతాయి. ఆ సంగతి చెప్పి, చేసి ఇవ్వడం మా షాపు పద్ధతి.

మా అన్నకు అలా చెప్పినవాళ్ళు లేరు.

అన్న మా ఊరు నల్లమాడలో ఉంటూ దూరవిద్యలో ఎం.ఏ. గ్రామీణాభివృద్ధి చదివేవాడు. అంతకు ముందు ఏడాది యూనివర్సిటీవాళ్ళు దూరవిద్యవాళ్ళనూ క్యాంపస్‌వాళ్ళనూ కలిపి ఆన్‌లైన్ తరగతి పెట్టారు. వ్యాసం అందులోనే ఎక్కించాలి. ఒకరి వ్యాసానికి ఇంకొకరు మార్కులు వేయాలి. క్యాంపస్‌వాళ్ళకు ల్యాబ్ ఉంది. అన్న ఆదివారం బస్సెక్కి కదిరి నెట్ సెంటరుకు పోయేవాడు. వాన రాని ఏడు మా ఊరి ఆడవాళ్ళు ఎండిన వేరుశనగ చేలు వదిలి ఎక్కడెక్కడికి కూలికి పోతారో ఇల్లిల్లూ తిరిగి అడిగి వ్యాసం రాశాడు. కదిరిలోనే టైపు చేయించి ఎక్కించాడు.

ఆ వ్యాసం క్యాంపస్‌లో చదివే అభిలాష్‌కు వచ్చింది. అతని తెర మీద అన్నీ పిచ్చి గుర్తులు. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. సున్నా వేసి, ఆ పేజీని బొమ్మ తీసి అందరూ మాట్లాడుకునేచోట పెట్టాడు. "ఇది నల్లమాడ గ్రహం భాష. ఎవరికన్నా వస్తే చెప్పండప్పా" అని కింద రాశాడు. "గొర్లు కాసుకోమను, ఎం.ఏ. ఎందుకు?" అని ఇంకొకడు. అందరూ నవ్వారు.

అన్న ఆ కోర్సు చెప్పే వనజాక్షి మేడమ్‌కు ఫోన్ చేశాడు. "గడువు ముగిసింది, వచ్చే ఏడు రాయి" అన్నారామె. ఆ ఏడు పాసైతేనే వాటర్‌షెడ్ ఆఫీసులో అన్న ఉద్యోగం నిలుస్తుంది. నిలవలేదు. బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీగా చేరాడు. మళ్ళీ పరీక్షల మాట ఎత్తలేదు.

ఏడాది తర్వాత అభిలాష్ తనంతట తానే మా షాపుకు వచ్చాడు. నేనెవరో అతనికి తెలియదు.

"అక్కా, సాయంత్రం లోపల ఎక్కియ్యాల. రేపు బయట్నుంచి ఎగ్జామినర్ వస్తాండాడు. అయిపోతాదా?"

"అయిపోతాది, కూచో. ఏం పేరప్పా?"

చెప్పాడు. డిపార్టుమెంటు పేరూ చెప్పాడు. టైపు ముగించి తెర అతని వైపు తిప్పాను.

"ఒక్కచ్చరం తప్పుంటే ఇప్పుడే చెప్పు."

"ముత్యాల మాదిరి ఉండాదక్కా!"

పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాను. పీడీఎఫ్ సంగతి ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం వనజాక్షి మేడమ్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏం చేసినావక్కా నా ఫైలుని? పెద్ద తెర మీద అందరి ముందర పరువు పోయె! ఇదేం భాష బాబూ అని ఎగ్జామినర్ అడిగితే హాలంతా ఒకటే నగు!"

అదే ఫైలు షాపులో తెరిచాను. ముత్యాలు అట్లే ఉన్నాయి.

"ఫాంటు ఇబ్బందమ్మా, ఆ అబ్బాయి తప్పు కాదు" అన్నారు మేడమ్. "పీడీఎఫ్ చేసివ్వు. ఎగ్జామినర్‌ను రేపు చూడమని అడుగుతాను."

"గడువు నిన్నటితో అయిపోయింది కదా మేడమ్?"

"చెప్పాను కదా, ఇతని తప్పు కాదని."

"మరి జోయల్ తప్పా? నేను జోయల్ చెల్లెల్ని, కృపాకుమారిని. మా అన్న ఫైలు మీ ఆన్‌లైన్ తరగతిలో ఇంకా ఉంటాది. ఈడ తెరిచి చూడండి."

మేడమ్ తెరిచారు. మా ఊరి ఆడవాళ్ళ పేర్లు, వాళ్ళ మాటలు, అన్నీ చక్కని తెలుగులో కనబడ్డాయి. ఆమె నిలబడే చివరిదాకా చదివారు. అభిలాష్ ముఖం నల్లబడింది.

"తమాషాకు పెట్టినా అక్కా..."

"నేనూ తమాషాకే పీడీఎఫ్ చెయ్యకుండా ఇచ్చినానప్పా."

"పోయినేటి ఫలితాలు ఇప్పుడు మార్చలేమమ్మా" అన్నారు మేడమ్ మెల్లగా.

"అయితే ఇతనికీ మార్చొద్దండి."

మేడమ్ అన్న ఫైలు మూసి, "రూలు ఇద్దరికీ ఒకటే" అని బయటికి నడిచారు. "మేడమ్, మేడమ్" అంటూ అతను వెంట పరుగెత్తాడు. ఆ ఏడు అతనికీ పోయింది.

అన్నకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"వాణ్ణి కూడా అడిగినారా, ఏ గ్రహం భాషని?"

"హాలంతా అడిగిందన్నా."

బెంగళూరు పోయాక అన్న నవ్వగా వినడం అదే మొదటిసారి. పాపం అనిపించలేదా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. ఏడాదిపాటు మోసిన మంట ఆ నవ్వుతో కొంచెం చల్లబడింది, అంతే. అన్న సున్నా మాత్రం అట్లే ఉంది.

ఎప్పుడైనా మీ తెర మీద తెలుగు విరిగి పిచ్చి గుర్తులుగా కనబడితే నవ్వకండి. దాన్ని రాసిన మనిషిని ఒక్క మాట అడగండి. నల్లమాడ జోయల్‌ను గుర్తు పెట్టుకోండి.